చిత్తూరు ఎండలో చలికొండ ద్రాక్ష

నా ఒంట్లో జీతం తెచ్చే అవయవం నాలుక ఒక్కటే. మిగతావన్నీ దాని మీద పడి తింటున్నాయి. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా నా పని రుచి చూడటం. తోతాపురి కాయలు లారీల్లో వస్తాయి, కడుగుతారు, గుజ్జు తీస్తారు, డ్రమ్ముల్లో నింపే ముందు ఒక చెంచాడు నా దగ్గరికి పంపుతారు. వెలుతురు బాగా పడే కిటికీ పక్కన నాదొక బల్ల. అక్కడ కూర్చుని గుజ్జును అరచేతిలో వేసుకుని, నాకి, కళ్ళు మూసుకున్నానంటే, ఆ కాయ ఏ తోపుదో, చెట్టుకు తూర్పు కొమ్మదో పడమటి కొమ్మదో, కోసినవాడికి ఆ పొద్దున ఇంట్లో గొడవైందో లేదో కూడా చెప్పేస్తానని మా ఫ్యాక్టరీలో ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించి పెంచింది నేనే అయినా, కాదన్నవాడు ఇంతవరకు లేడు.

అలాంటి నాలుక మీదికి ఇటలీ నుంచి ఒక యంత్రం వచ్చింది. దాన్ని బిగించడానికి వెనకే ఒక ఇంజనీరు వచ్చాడు. మనిషి ఎంత పొడుగంటే, పైన పైపుల్లో లీకు చూడాలంటే మిగతావాళ్ళకు నిచ్చెన కావాలి, ఆయనకు కళ్ళజోడు చాలు. నలభై రోజులు మా మధ్య ఉన్నాడు. వచ్చేటప్పుడు తన భాష, ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడు, పోయేనాటికి ‘బాగుండాది’, ‘కారం వద్దప్పా’ అనే రెండు మాటలతో చిత్తూరు జిల్లా మొత్తం తిరిగి రాగలిగే స్థితికి చేరాడు.

ఆ యంత్రం గుజ్జులో తీపి ఎంతో తనే కొలిచి, ఎర్రటి అంకెల్లో చూపిస్తుంది. నాలుక లేదు, పళ్ళు లేవు, నాలాగా మధ్యాహ్నం కునుకు తీయదు. గురువారం సాయంత్రం ఇంజనీరుకు వీడ్కోలు టీ ఇస్తూ మా యజమాని ఆ అంకెల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. మా యజమాని జీవితంలో మజ్జిగ కంటే ఘాటైనది ముట్టని మనిషి. నవ్వుతూనే పొడుస్తాడు.

“ఏమప్పా, మిషను వచ్చేసినాది. ఇంక నీ నాలుకకు రెస్టు ఇద్దామా?”

“ఎందుకన్నా, అది అలిసిపోయిందని నీతో చెప్పిందా?”

“అది కాదబ్బా. దీని కంట్రోలు పెట్టె బిగించేదానికి నీ బల్ల ఉండే చోటే కావాలంట. నిన్ను గోడౌన్‌కు మారుస్తాము. ఆడ ఫ్యాను కూడా ఉండాది.”

“గోడౌన్‌లో నేనేం రుచి సూడాల? డ్రమ్ముల రేకునా?”

అందరూ నవ్వారు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. టీ గ్లాసు మాత్రం కింద పెట్టేశాను. ఇరవై ఏళ్ళు కూర్చున్న బల్ల అది. అక్కడ కూర్చుంటే నేను నేనుగా ఉంటాను. గోడౌన్‌లో నేను ఫ్యాను కింద ఉన్న ఇంకో సామాను.

మేమెందుకు నవ్వామో ఇంజనీరు అడిగి తెలుసుకున్నాడు. ఆయన మాత్రం నవ్వలేదు. “నా యంత్రానికి తీపి తెలుసు, రుచి తెలియదు” అన్నాడు ఇంగ్లీషులో. రుజువేమిటన్నాడు యజమాని. ఇంజనీరు తన గదికి వెళ్ళి, పెట్టెలో చొక్కాల మధ్య చుట్టిపెట్టుకున్న ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాళ్ళ ఊరి వైన్. ఇటలీకి ఉత్తరపు కొసన, మంచు కొండల ఒళ్ళో వాళ్ళ ఊరు. ద్రాక్ష పేరు స్కియావా. ఫోనులో ఫోటో చూపించి, నా ఫోనుకూ పంపాడు. వెనక తెల్లగా మంచు, ముందర మన సొరపందిరి లాంటి పందిళ్ళు, వాటి కింద గుత్తులు. పందిరి నీడలో డెబ్భై దాటిన ఒక పెద్దావిడ. ఆయన తల్లి. ఆ వైన్ చేసింది ఆవిడే.

“ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు నేను మా ఇంటి నుంచి ఫోను చేస్తాను. ఇందులో ఏమేం దొరికాయో మూడు చెప్పు. సరో కాదో మా అమ్మ చెబుతుంది” అన్నాడు.

యజమానికి ఈ పందెం తెగ నచ్చింది. “సరే. నేనే మీ ఇంటికి వస్తా. మూడూ సరిగ్గా చెప్తే నీ బల్ల ఆడే ఉంటాది. ఒకటి తప్పినా సోమవారం నుంచి గోడౌనే.”

సీసాను నేను కొత్త పెళ్ళికొడుకును ఊరేగించినట్టు ఇంటికి తెచ్చాను. ఆ రాత్రే మూత తీద్దామనుకున్నాను. మా ఆవిడ అడ్డం నిలబడింది.

“రేపు శుక్రవారం. ఇప్పుడు తెరిస్తే ఆ వాసన రేపటికి గూడా ఇంట్లోనే ఉంటాది. ఎల్లుండి శనివారం, వెంకన్న సామి దినం. ఈ ఇంట్లో అది ఆదివారం దాకా కదలకూడదు.”

“ఆదివారమే పరీక్ష మే!”

“అయితే ఆదివారమే చదువు.”

తిరుపతి ఆడపడుచు. శనివారం కోడిగుడ్డు కూడా గుమ్మం దాటనివ్వని మనిషి. సీసాను టీవీ పక్కన షోకేసులో, మా అబ్బాయి క్రికెట్ కప్పుల మధ్య పెట్టి అద్దం తలుపు వేసేసింది. పడమటి ఎండ నేరుగా ఆ అద్దం మీద పడుతుంది. మూడు రోజులు నేను సీసాను అద్దంలోంచి చూస్తూ గడిపాను. ఈ లోపల ఫోనుల్లో వార్త పాకింది. ఎవరూ పిలవకుండానే ఆదివారం పదకొండు గంటలకు మా బామ్మర్ది బెంగుళూరు నుంచి కారులో దిగాడు.

మా బామ్మర్దికి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. కంప్యూటరు ఉద్యోగం. వాళ్ళ ఆఫీసు పార్టీల్లో వైన్ ఇస్తారట. రెండుసార్లు తాగాడు, కాబట్టి పండితుడు. పొడుగు కాడ ఉన్న గాజు గ్లాసు ఒకటి తెచ్చాడు. రెండు తెచ్చాడట గానీ, ఒకటి పలమనేరు దగ్గర స్పీడుబ్రేకరు మీద అమరత్వం పొందింది.

నేను సీసాను ఫ్రిజ్‌లో పెట్టబోతుంటే, పసిపిల్లను బావిలో వేస్తున్నట్టు అరిచాడు.

“బావా! ఏం చేస్తా ఉండావు? రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. రూమ్ టెంపరేచర్లో తాగాల. ఇటలీవోళ్ళు సూస్తే కేసు పెడతారు.”

పండితుడి మాట కాదంటే నా బల్ల పోతుందేమోనని భయపడ్డాను. సరేనన్నాను. బిరడా తీశాడు. ఒక్క గ్లాసులో పోశాడు. పలచటి ఎరుపు. గ్లాసు వెనక వేలు పెడితే వేలి గీతలు కూడా లెక్కపెట్టొచ్చు.

“నీళ్ళు కలిపినట్టుండాదే” అని బామ్మర్ది మూతి తిప్పాడు. “అసలైన రెడ్ నల్లంగా ఉండాల.”

ఇప్పుడు ఒక గ్లాసు, ఇద్దరం మనుషులం. ఎంగిలి మాట చెప్పనక్కర్లేదు. మా ఇళ్ళల్లో చెంబైనా, సీసా అయినా ఎత్తి పోసుకోవాలే తప్ప అంచుకు పెదవి తగలకూడదు. కాడ పట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, జానెడు ఎత్తు నుంచి నోట్లోకి ధార పోసుకున్నాను. మా నాయన బావి గట్టున చెంబెడు నీళ్ళు పోసుకున్నంత ఒడుపుగా. ఒక్క చుక్క బయట పడలేదు.

ఆ తర్వాత జరిగింది ఏమని చెప్పను! ఆ గది చిత్తూరులో, మే నెలలో, మిట్ట మధ్యాహ్నం, పైన మిద్దె, పక్కన పడమటి గోడ. షోకేసులో మూడు రోజులు మగ్గిన సీసా. అది వైన్ కాదు, జ్వరం వచ్చినవాడికి ఇచ్చే కషాయం. సారాయి వేడి ముక్కులోకి వెనకదారిన ఎక్కింది. పండు లేదు, పువ్వు లేదు, రుచి అనే మాటలో కొమ్ము కూడా లేదు. బామ్మర్ది కూడా పోసుకుని, కళ్ళల్లో నీళ్ళు వస్తున్నా, “బాడీ ఉండాది బావా” అన్నాడు.

“బాడీ ఉండాది. ప్రాణమే లేదు” అన్నాను.

టైము ఒంటిగంట. సీసాలో మూడోవంతు ఖాళీ. నా మనసు అప్పటికే గోడౌన్‌లో ఫ్యాను కింద కూర్చుని చెమట తుడుచుకుంటోంది.

వంటింట్లో నాటుకోడి కూర కలుపుతున్న మా ఆవిడ గరిటె పట్టుకునే వచ్చింది. నా మొహం చూసి, తమ్ముడి మొహం చూసి, ఫోనులో పెద్దావిడ ఫోటో చూపించమంది. చూసి అడిగింది.

“రూములో ఉండేంత చల్లంగా తాగాలని చెప్పినోడు, యాడోడు?”

“ఆ దేశాలోళ్ళే అక్కా” అన్నాడు తమ్ముడు.

“వాళ్ళ రూము వెనకాల మంచు కొండుండాది. నీ రూము వెనకాల ఏముండాది? ఎవుడి రూము లెక్క సూస్తా ఉండారు మీరు?”

నేను నా అంత తెలివైనదాన్ని పెళ్ళాడానని ఆ రోజు ఒప్పుకున్నాను. వాళ్ళ గది వేరు, మన గది వేరు. చలికొండల మీద పుట్టిన ద్రాక్షను మన మే నెలలో కూర్చోబెట్టి మాట్లాడమంటే అది ఏం మాట్లాడుతుంది? అప్పుడే కరెంటు పోయింది. ఫ్రిజ్ ఆశ కూడా పోయింది. వీధి చివర చెరకురసం బండి దగ్గరికి నేనే చెప్పుల్లేకుండా పరిగెత్తాను. తారు రోడ్డు మీద నేను వేసిన అడుగులు నాట్య శాస్త్రంలోకి ఇంకా ఎక్కలేదు. గోనెసంచిలో ఐసుగడ్డ తెచ్చి పగలగొట్టి, బకెట్‌లో నీళ్ళు పోసి, సీసాను మెడ దాకా ముంచాను. బామ్మర్ది బకెట్ ముందు కూర్చుని, దగ్గరి చుట్టం పోయినట్టు తల పట్టుకున్నాడు.

పావుగంట తర్వాత తీశాం. మళ్ళీ అదే గ్లాసు, అదే ఎత్తు, అదే ధార. ఈసారి వేడి లేదు. హాయిగా జారింది. కానీ హాయిగా జారి హాయిగా వెళ్ళిపోయింది, తన పేరు కూడా చెప్పకుండా. పుల్లటి చల్లటి నీళ్ళు. మూడు కాదు, ఒక్కటి కూడా దొరకలేదు. రెండున్నర అయింది. సీసాలో సగం కంటే తక్కువే ఉంది.

నేను అరుగు మీద కూర్చుని, ఓడిపోయేవాడు చేసే పని చేశాను. పాత గెలుపులు గుర్తుచేసుకున్నాను. గుజ్జు నా దగ్గరికి రావడం, అరచేతిలో వేసుకోవడం, చెయ్యి మొహం దగ్గరికి ఎత్తడం. చెయ్యి నోటికి చేరే ముందు ఎక్కడ ఆగుతుంది? ముక్కు కింద. ఇరవై ఏళ్ళుగా ప్రతి చెంచాడు గుజ్జూ నా నాలుక కంటే ముందు నా ముక్కుకు సలాం కొట్టి వెళుతోంది! జీతం తెచ్చేది నాలుక అనుకుని, అసలు సంపాదించేదాన్ని ఇన్నేళ్ళూ జలుబుకు వదిలేశాను. ఈ వైన్‌ను జానెడు ఎత్తు నుంచి నేరుగా గొంతులోకి పోసుకుంటే, పాపం ముక్కు దాని మొహమైనా చూడలేదు.

“ఎవుడి గ్లాసు వాడికి!” అని అరుస్తూ లోపలికి పరిగెత్తాను.

మా ఇంట్లో టీ తాగే చిన్న గాజు గ్లాసులున్నాయి. అవి రెండు తీశాం. ఎవడి గ్లాసు వాడిది కాబట్టి ఎంగిలి భయం లేదు. సగానికి తక్కువ పోసి, గ్లాసును కాస్త తిప్పి, అంచుకు పెదవి ఆనించి, ముక్కు లోపల పెట్టి ఊపిరి తీశాను. మొదట ఏమీ లేదు. ఐసులోంచి అప్పుడే తీసింది కదా, మరీ బిగుసుకుని ఉంది. గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాను. చేతి వేడి ఎక్కేకొద్దీ, కొత్త క్లాసులో చేరిన పిల్లవాడు బెరుకు వదిలి ఒక్కో మాట మాట్లాడినట్టు, అది మాట్లాడటం మొదలుపెట్టింది.

మొదటి మాట చెర్రీ. కేకు మీద పెట్టే ఎర్ర రంగు బిళ్ళ కాదు, వేసవిలో తిరుపతి పండ్ల అంగళ్ళలో చిన్న డబ్బాల్లో కనిపించే అసలు చెర్రీ. ఎన్నడో ఒక డబ్బా కొని, ఇంటికొచ్చే లోపల నేనే తినేసిన పాపం ఇప్పుడు పుణ్యమైంది. మింగాక, నాలుక వెనక సన్నటి చేదు. గుప్పెడు బాదంపప్పుల్లో ఎప్పుడో ఒకటి చేదుది తగులుతుంది చూడండి, ఆ చేదు. రెండో మాట అది. మూడోది మాత్రం ముక్కు ముందు ఆడుతోంది, దొరకడం లేదు. తెలిసిన వాసనే. గులాబీ రంగులో ఉంది. పేరు రావడం లేదు.

బామ్మర్ది కోడికూర గిన్నె తెచ్చాడు. “దీంతో తాగితే తెలుస్తాది బావా.” ఒక ముక్క తిన్నాను. మా ఆవిడ కోడికూరలో కారం ఎంతంటే, పక్కింటి కోళ్ళు కూడా ఆ రోజు బయటికి రావు. వైన్ ఒక్క గుక్క తాగితే మంట రెట్టింపైంది, చెర్రీ చచ్చిపోయింది. గిన్నె వెనక్కి పంపించి, పొద్దున ఉడకబెట్టిన చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, తెమ్మన్నాను. పొట్టు వలిచి రెండు గింజలు నమిలి, ఒక గుక్క. అబ్బ! ఉప్పుకు, ఆ మెత్తటి గింజకు, చెర్రీ లేచి కూర్చుంది. ఈ వైన్ పెద్ద మాటలు మాట్లాడేది కాదు. చల్లగా ఉంచి, ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని, చెనిక్కాయలు వలుచుకుంటూ కబుర్లు చెప్పుకునే రకం. ఆ సంగతి బామ్మర్దికి కూడా అర్థమై, పండితుడిగా రాజీనామా చేసి మామూలు మనిషిగా రెండో గ్లాసు పోసుకున్నాడు.

సరిగ్గా నాలుగుకు ఐదు నిమిషాలుండగా యజమాని వచ్చాడు. మజ్జిగ గ్లాసు అందుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, జడ్జిగారిలా కూర్చున్నాడు. “ఏమప్పా, దొరికినాయా మూడు?”

“రెండు దొరికినాయి. మూడోది దోవలో ఉండాది.”

“దోవ గోడౌన్ మీదుగా పోతాదేమో సూసుకో.”

ఫోను మోగింది. తెర మీద ఇంజనీరు, పక్కన పెద్దావిడ. ఆయన తెల్లగా నవ్వుతూ “బాగుండాదా అప్పా?” అని అరిచాడు. పెద్దావిడ నవ్వలేదు. పరీక్ష పెట్టేవాళ్ళు ఏ దేశంలోనైనా ఒకేలా ఉంటారు.

“చెర్రీ” అన్నాను. ఆయన ఆమెకు తన భాషలో చెప్పాడు. ఆవిడ తలూపింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“చేదు బాదంపప్పు. చివర్లో వస్తాది.” ఆవిడ మళ్ళీ తలూపింది, ఈసారి కొంచెం నన్ను చూసి. యజమాని మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

ఇక మూడోది. గ్లాసులో ముక్కు పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. గులాబీ రంగు. తీపి. కానీ పండు తీపి కాదు, కాలిన తీపి. చుట్టూ దుమ్ము, డప్పులు, జనం కాళ్ళు. నేను నాయన చెయ్యి పట్టుకుని ఉన్నాను, నా మొహం ఆయన మోకాలి ఎత్తున ఉంది. ఎదురుగా ఒక రేకు డబ్బా గిర్రున తిరుగుతోంది...

“పీచుమిఠాయి!” అని కేక పెట్టాను.

యజమాని లేచి నిలబడ్డాడు. “ఏందప్పా, ద్రాక్షరసంలో పీచుమిఠాయా? అయిపోయినావు పో!”

ఇంజనీరుకు ఆ మాట తెలియదు. నాకు దానికి ఇంగ్లీషు రాదు. ఫోను ముందు నిలబడి అభినయం మొదలుపెట్టాను. చక్కెర పోశాను, డబ్బా తిప్పాను, పుల్ల పట్టుకుని మబ్బును చుట్టాను, చుట్టింది పిల్లాడిలా కొరికాను, మూతికి అంటుకున్నది తుడుచుకున్నాను. బామ్మర్ది వెనకాల జాతర డప్పు నోటితో వాయించాడు. ఇంజనీరు అర్థం కాక నోరు తెరిచాడు. కానీ పెద్దావిడకు కొడుకు అనువాదం అక్కర్లేకపోయింది. ఒక్కసారిగా కుర్చీలోంచి లేచి తెర లోంచి మాయమైంది.

ఆ అర నిమిషం నా జీవితంలో అతి పొడవైన అర నిమిషం. ఆ సమయంలో నేను గోడౌన్‌లో రిటైరై, అక్కడే షష్టిపూర్తి కూడా చేసుకున్నాను.

ఆవిడ తిరిగి వచ్చింది. చేతిలో ఒక కాగితం. ఫోను కాల్‌కు ముందే గీసి పెట్టుకుందట. కాగితం తెరకు దగ్గరగా పెట్టింది. మూడు బొమ్మలు. జంట కాయల చెర్రీ. చీలిన బాదంపప్పు. పుల్ల మీద ఒక గుండ్రటి మబ్బు.

మా ఇల్లు పేలిపోయింది. బామ్మర్ది నన్ను ఎత్తబోయి, సాధ్యపడక సోఫా మీద పడేశాడు. అరుపులకు పక్కిళ్ళవాళ్ళు క్రికెట్ గెలిచామనుకుని బయటికొచ్చారు. పెద్దావిడ ఇప్పుడు నవ్వింది, నవ్వుతూ ఏదో గబగబా చెప్పింది. కొడుకు అనువదించాడు. వాళ్ళ ఊళ్ళో కూడా తిరునాళ్ళు జరుగుతాయట. చిన్నప్పుడు ఆవిడకు కూడా వాళ్ళ నాన్నే ఆ మిఠాయి కొనిపెట్టేవాడట. ఈ వైన్‌లో ఆ వాసన ఉందని ఆవిడ చెబితే ఊళ్ళో ఇన్నేళ్ళూ అందరూ నవ్వారట. ఈరోజుతో ఆవిడకు ఒక సాక్షి దొరికాడు.

ఏం తింటూ తాగారని ఆవిడ అడిగింది. మా ఆవిడ చెనిక్కాయల గిన్నె తెచ్చి ఫోనుకు చూపించింది. ఒకటి వలిచి, నోట్లో వేసుకుని, ఎలా తినాలో తెలుగులోనే వివరించింది. అటు నుంచి ఆవిడ ఇటాలియన్లో ఇంకేదో అడిగింది. పావుగంట సేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఒక్క మాట కూడా ఒకరిది ఒకరికి అర్థం కాలేదు, ఒక్క క్షణం కూడా ఇద్దరూ ఆగలేదు.

యజమాని నా దగ్గరికి వచ్చాడు. నా టీ గ్లాసు అందుకున్నాడు. తాగలేదు. అంచుకు ముక్కు ఆనించి, నాకంటే గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

“నిజమేనప్పా” అన్నాడు మెల్లగా. “జాతరే.”

సోమవారం పొద్దున నేను ఫ్యాక్టరీకి పోయేసరికి, నా బల్ల పక్కన వడ్రంగి రంపం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. దాన్ని ఊడదీసి పట్టుకుపోవడానికి శుక్రవారమే పురమాయించిన మనిషట. “ఇప్పుడు ఊడదీయద్దంట సార్. యజమాని గూడా కూర్చునేదానికి పొడుగు చేయమన్నారు. ఇంకో రెండడుగులు” అన్నాడు. యంత్రం కంట్రోలు పెట్టెను ఎదురు గోడకు బిగించారు. అక్కడ ఎండ సూటిగా పడుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక దాని ఎర్ర అంకెలు ఎవరికీ కనిపించవు. అప్పుడు అందరూ నా బల్ల దగ్గరికే వస్తారు.